ఉక్తానుక్తదురుక్తవిచారము: పరిశోధనవ్యాసముల పరీక్ష, సంస్కరణము

పాణిని రచించిన సూత్రములపై కాత్యాయనుడు వార్తికములు వ్రాసెను. సూత్రములను, వార్తికములను రెంటిని పరిశీలించి పతంజలి మహాభాష్యమును వెలయించెను. వార్తిక మన నేమి యని ప్రశ్నించుకొన్నప్పుడు మన పూర్వులు చెప్పిన లక్షణము మిక్కిలి గమనింపదగినది. ఉక్తము, అనుక్తము, దురుక్తము అను మూటిని విచారించునది వార్తికము. అనగా గ్రంథకర్త చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, సరిగా చెప్పజాలనిదానిని వేరువేరుగా గైకొని పరీక్షించుట వార్తికకారుని పని. ఈ పని చేసినందుకు కాత్యాయనుని పాణినిద్వేషి యని శాస్త్రము వెలివేయలేదు. వ్యాకరణమునకు మునులు మువ్వురనియు, ఆ మువ్వురిలో తరువాతివాని మాటకే ప్రామాణ్య మధికమనియు వైయాకరణులు నిర్ణయించుకొనిరి. విమర్శించిన వానికిని, విమర్శింపబడిన వానికిని ఒకే పీఠముపై స్థాన మిచ్చిన సంప్రదాయము మనది.

నేడు విశ్వవిద్యాలయములందును, పరిశోధన పత్రికలందును 'పీర్ రివ్యూ' అని వ్యవహరింపబడుచున్న పద్ధతి యొకటి కలదు. వ్యాసము అచ్చునకు రాకమునుపే ఆ విషయమున పరిశ్రమ చేసిన యిద్దరు ముగ్గురు పండితులకు దానిని పంపుదురు. వారి యభిప్రాయములను తెప్పించుకొని, అవసరమైన సవరణలను రచయితచే చేయించి, పిమ్మట సంపాదకుడు స్వీకారమో తిరస్కారమో నిర్ణయించును. దీనిని ఈ వ్యాసమున సహపండితపరీక్ష యని పిలుతును. మన పరిశోధకులలో చాలమంది ఈ పరీక్షను న్యాయస్థానపు తీర్పువలె శిరసావహించుచున్నారు. లేదా వ్యక్తిదూషణముగా భావించి కుపితులగుచున్నారు. ఈ రెండును పొరపాట్లేయని నా యభిప్రాయము. పరీక్షకుని లేఖ ఒక వార్తికము. వార్తికమునకు తగిన ప్రత్యుత్తరము భాష్యము; సాష్టాంగప్రణామము కాదు, ద్వంద్వయుద్ధమును కాదు. ఈ మాటను కొన్ని నిదర్శనములతో సమర్థించుటయు, తెలుగు పరిశోధనరంగమున ఈ పద్ధతికి గల చిక్కులను విమర్శించుటయు నా యుద్దేశము.

1. పద్ధతి యొక్క పుట్టుక

ఈ పరీక్షావిధానము విజ్ఞానశాస్త్రములతో కూడబుట్టినదని పలువురు తలంతురు. అది నిజము కాదు. 1665లో లండనున రాయల్ సొసైటీ కార్యదర్శి యగు హెన్రీ ఓల్డెన్‌బర్గు 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అను పత్రికను ప్రారంభించినప్పుడు, వ్యాసముల యెంపిక ప్రధానముగా ఆయన వివేకముపైననే ఆధారపడి యుండెను. 1752లో సొసైటీ ఆ పత్రికను తన యధీనమునకు దెచ్చుకొని, వ్యాసములను ఎన్నుటకై యొక సంఘమును నియమించెను. పరీక్షకులు తమ యభిప్రాయములను వ్రాతమూలమున తెలుపు నాచారము 1830 తరువాతి సంవత్సరములలో స్థిరపడెను. ఐనను అది సార్వత్రిక మగుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. డీ.ఎన్.ఏ. నిర్మాణమును వెల్లడించిన వాట్సను, క్రిక్కుల వ్యాసము 1953లో 'నేచర్' పత్రికయందు బయటి పరీక్షకులు చూడకయే అచ్చయినది. ఆ పత్రిక బాహ్యపరీక్షను నియమముగా చేసికొన్నది 1973లో.

ఈ చరిత్రవలన తేలునది యేమి? సహపండితపరీక్ష శాస్త్రమునకు ప్రాణము కాదు. శాస్త్రము పెరిగి, విషయములు శాఖోపశాఖలై, ఒక్క సంపాదకుడు అన్నింటిని తెలిసికొనలేని కాలమున మనుష్యులు కల్పించుకొన్న యేర్పాటు. కావున దానిని వేదవాక్యమని నమ్మ నక్కరలేదు. మనుష్యకల్పిత మైనందుననే అది విమర్శకును, సవరణకును పాత్రమైనది. వ్యాసములను సవరించు పద్ధతికే సవరణ యవసరము కావచ్చును.

2. రెండు నిదర్శనములు

1936లో ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్, నేథన్ రోజెన్ అను తన సహాయకునితో కలసి ఒక వ్యాసము వ్రాసి అమెరికాలోని 'ఫిజికల్ రివ్యూ' పత్రికకు పంపెను. గురుత్వతరంగములు గలవా యనునది అందలి ప్రశ్న. లేవనునది వారి సిద్ధాంతము. సంపాదకు డగు జాన్ టేట్ ఆ వ్యాసమును హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్ అను పండితునికి పంపెను. ఆయన సుమారు పది పుటల నివేదిక వ్రాసి గణితమున నొక దోషమును చూపెను. సంపాదకుడు దానిని ఐన్‌స్టయినునకు పంపి సమాధానము కోరెను. ఐన్‌స్టయినునకు కోపము వచ్చెను. అచ్చువేయుటకు పంపిన వ్యాసమును ముందుగా ఇతరులకు చూపు నధికారము తాను ఇయ్యలేదని వ్రాసి, వ్యాసమును వెనుకకు తీసికొనెను. పిమ్మట దానిని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ పత్రికకు పంపగా వారు ఉన్నదున్నట్లుగనే స్వీకరించిరి.

కథ అంతటితో ముగిసినచో ఒక మహామేధావి మొండితనమునకు ఉదాహరణముగా మాత్రమే మిగిలెడిది. రోజెన్ అప్పటికి సోవియట్ దేశమునకు వెడలిపోయి యుండెను. క్రొత్తగా సహాయకుడై వచ్చిన లియొపోల్డ్ ఇన్‌ఫెల్డుతో రాబర్ట్‌సన్ స్నేహము చేసి, సంభాషణములో నా దోషమును విశదపరచెను. ఇన్‌ఫెల్డు ఆ సంగతి చెప్పబోవునప్పటికి ఐన్‌స్టయిన్ తానును ఒక దోషమును కనుగొంటి నని పలికెను. ప్రూఫుల దశయందే వ్యాసమును మార్చి, శీర్షికను మార్చి, నిర్ణయమును తలక్రిందులు చేసి 1937లో ప్రకటించెను. గురుత్వతరంగములను 2015 సెప్టెంబరు 14న 'లైగో' పరికరములు ప్రత్యక్షముగా గుర్తించినవి. ఆ వార్త 2016లో లోకమునకు వెల్లడియైనది. ఆ పరీక్షకుడు రాబర్ట్‌సనే యని పత్రిక కాగితములవలన చరిత్రకారులు నిర్ధారించి ప్రకటించినది 2005లో. అంతకాలము ఆయన తన పేరు చెప్పుకొనలేదు.

రెండవ నిదర్శనమున మన దేశపు గాలి కొంత గలదు. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అను స్కాట్లండు దేశీయుడు ఈస్టిండియా కంపెనీ కొలువున బొంబాయిలో నౌకాశాస్త్రోపాధ్యాయుడుగా నుండి, 1845లో వాయువుల స్వభావమును గూర్చి యొక వ్యాసము వ్రాసి రాయల్ సొసైటీకి పంపెను. వాయువు యొక్క పీడనమునకును, ఉష్ణమునకును అణువుల చలనమే కారణమని దాని సారాంశము. పరీక్షకులలో నొకరు అది అర్థరహితమనియు, సభలో చదువుటకైనను తగదనియు తేల్చివేసిరి. సొసైటీ నియమము ననుసరించి వ్రాతప్రతి వారి భాండాగారముననే నిలిచిపోయెను. రచయిత తనకై వేరొక ప్రతి నుంచుకొనలేదు. తరువాత క్లాసియస్, మాక్స్‌వెల్ ప్రభృతులు అదే మార్గమున కీర్తి గాంచిరి. వాటర్‌స్టన్ 1883లో మరణించెను. 1891లో లార్డ్ రేలీ ఆ వ్రాతప్రతిని వెదకి తీసి, 1892లో అదే పత్రికయందు తన పీఠికతో అచ్చువేయించెను. ఆ తిరస్కారమువలన ఆ శాస్త్రభాగమునకు పది పదునైదేండ్ల యాలస్యము కలిగియుండునని ఆయన యభిప్రాయపడెను.

ఈ రెండు పరీక్షలకును భేద మెక్కడ నున్నది? ఒకటి మృదువుగను, మరొకటి పరుషముగను ఉన్నదని చెప్పుట చాలదు. మొదటి పరీక్షకుడు ఏ సమీకరణమున, ఏ మెట్టున తప్పు జరిగినదో చూపెను. రెండవవాడు చూపలేదు, నిర్ణయము మాత్రము చేసెను. స్థాననిర్దేశము గల యాక్షేపణ వార్తికము. స్థాననిర్దేశము లేని యాక్షేపణ కేవలము పరీక్షకుని యభిరుచి. రాబర్ట్‌సన్ నివేదికను చదివినవాడు దానిని ఖండింపవచ్చును లేదా అంగీకరింపవచ్చును. అర్థరహిత మను మాటను ఖండించుటకును వీలులేదు. దానివలన నేర్చుకొనుటకును వీలులేదు. పరీక్షకుని యోగ్యతను కొలుచుటకు ఇంతకంటె సూటియైన కొలమానము నాకు కనబడలేదు.

రచయితల విషయమునను ఒక మాట చెప్పవలెను. ఐన్‌స్టయినునకు కోపము వచ్చుట మానుషము. కాని దోషము తెలిసిన పిదప ఆయన దానిని నిలుపుకొనలేదు. పత్రికతోడి వైరమును, వ్యాసముతోడి బాధ్యతను ఆయన వేరుచేయగలిగెను. వాటర్‌స్టన్ చరిత్రనుండి పరిశోధక విద్యార్థులు గ్రహింపవలసిన పాఠము మరింత చిన్నది, మరింత ఉపయోగకరమైనది. వ్రాసిన ప్రతి చిత్తుప్రతిని తనయొద్ద నుంచుకొనవలెను. తిరస్కృతమైన వ్యాసమునకు కాలము కలసివచ్చునప్పుడు వ్రాతప్రతి మిగిలియుండవలెను గదా.

3. మూడు విధముల యాక్షేపణలు

పరీక్షకుల లేఖ చేతికి రాగానే అందలి మాట లన్నియు ఒకే దెబ్బగా తోచును. శాంతించిన పిదప వానిని విడదీసి చూచినచో ఉక్తానుక్తదురుక్తములను మూడు తెగలుగా అవి యంతట అవియే విడిపోవును. ఇట్లు విడదీయుటయే సంస్కరణమునకు మొదటి మెట్టు.

ఉక్తమును గూర్చిన యాక్షేపణలు వ్యాసమందలి వాదముపై వచ్చునవి. ఆధారము చాలదు, హేతువు నిలువదు, ఉదాహరణము వేరొక యర్థమున కూడ పొసగును అనునట్టివి. వీనికి వాక్యములను దిద్దుట సమాధానము కాదు. మరల ఆధారములయొద్దకు పోవలెను. పోయి చూచిన పిమ్మట వాదమును విడువవలసి రావచ్చును, కుదింపవలసి రావచ్చును, ఇంకను బలపరుపవలసి రావచ్చును.

అనుక్తమును గూర్చినవి, చెప్పక విడిచిన పూర్వపరిశోధనమును, చూడని ప్రతులను, ఎదురుగా నిలుచు నుదాహరణములను ఎత్తిచూపునవి. మన వ్యాకరణచరిత్రలోనే దీనికి చక్కని సాక్ష్యము కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందు సూరి విడిచిన విషయములను కూర్చి బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమును రచించెను. దానికి 'త్రిలింగలక్షణశేషము' అను పేరును గలదు. శేష మను నా మాటయందే విమర్శకుని వినయమును, స్వాతంత్ర్యమును రెండును ఇమిడియున్నవి. మిగిలినదానిని పూరించుట పూర్వగ్రంథమును అవమానించుట కాదు. ఐతే వ్యాసకర్తకు ఒక హెచ్చరిక. పరీక్షకుడు సూచించిన ప్రతి విషయమును వ్యాసములో చొప్పించినచో వ్యాసము గ్రంథమై కూర్చుండును. అనుక్తములలో వాదమునకు ఆవశ్యకము లెవ్వి, ప్రాసంగికము లెవ్వి యని నిర్ణయించు నధికారము రచయితదే.

దురుక్తమును గూర్చినవి భాషకును, అమరికకును సంబంధించినవి. వీనిని అల్పములని త్రోసివేయుట మన సామాన్యలోపము. శ్రీనివాస రామానుజన్ మొదటి వ్యాసము 1911లో భారత గణితశాస్త్ర సంఘ పత్రికయందు వెలువడినది. అది బెర్నూలీ సంఖ్యలను గూర్చినది. ఆ పత్రిక సంపాదకుడగు నారాయణయ్యంగారు, రామానుజన్ పద్ధతులు మిక్కిలి క్లుప్తములును, నూతనములును అగుటచేతను, వ్రాతయందు స్పష్టత కొఱవడుటచేతను సామాన్య గణితపాఠకుడు వానిని అనుసరింప లేకపోయెనని చెప్పియున్నాడు. అంతటి ప్రతిభకును వాక్యస్పష్టత యవసరమయ్యెననిన, మనకు చెప్పవలసినది ఏమున్నది? పాఠకునకు అందని సత్యము పత్రికయందు అచ్చయినను భాండాగారమున పడియున్న వ్రాతప్రతితో సమానమే.

ఇక నాలుగవ తెగ యొకటి కలదు. అది పరీక్షకుని దురుక్తము. పరీక్షకుడు వ్యాసమును సరిగా చదువకపోవచ్చును. చెప్పినదానిని చెప్పలేదనవచ్చును. తన గ్రంథమును ఉదాహరింపలేదన్న యలుకను శాస్త్రీయ మగు నాక్షేపణగా వేషము మార్చి వ్రాయవచ్చును. పరీక్షకుడు పొరబడినచో ఆ తప్పును రచయితదే యనియు, స్పష్టముగా వ్రాసియుండిన పొరపాటు కలుగదనియు కొందరు గురువులు శిష్యులకు బోధింతురు. ఈ బోధనలో సగము సత్య మున్నది. ఇద్దరు పరీక్షకులును ఒకేచోట పొరబడినచో దోషము వాక్యములో నున్నదని తప్పక అనుమానింపవలెను. ఒక్కరే పొరబడి, రెండవవారు సరిగా గ్రహించినచో దోషము చదువరిది కావచ్చును. అన్నివేళల రచయితయే తప్పుచేసినాడని నేర్పుట వినయమును కాక భీరుత్వమును నేర్పుట యగును.

4. ఒక స్వానుభవము

ఇందుకు నా యనుభవము నొకదానిని చెప్పుదును. సుమారు ఇరువదియేండ్ల క్రిందట నేనొక ప్రబంధమునందలి దేశ్యపదములను గూర్చి వ్యాసము వ్రాసి ఒక పత్రికకు పంపితిని. ఆ కవి తన ప్రాంతపు పలుకుబడిని కావ్యమున ప్రవేశపెట్టెనని నా వాదము. దానికి ఆరు పదములను ప్రధానసాక్ష్యములుగా గైకొంటిని. అయిదు మాసముల పిమ్మట వ్యాసము తిరిగి వచ్చెను. పరీక్షకులలో నొకరు వ్రాసిన మొదటి యాక్షేపణము ఇది: వ్యాసకర్త ఒక్క ముద్రితప్రతినే ఆధారముగా గొనెను, అందలి పాఠములలో కవివి యెన్ని, పరిష్కర్త సవరించినవి యెన్ని యని విచారింపలేదు. నాకు పట్టరాని కోపము వచ్చెను. ఆ ముద్రణము ఎల్లరు నంగీకరించినది. దానినే మా గురువులును పాఠము చెప్పిరి. వ్యాసమును బీరువాలో నుంచి తాళము వేసితిని.

ఏడాది గడచిన పిదప వేరొక పనిమీద మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు పోవుట తటస్థించెను. అక్కడ ఆ ప్రబంధముయొక్క తాళపత్రప్రతులు చూచు నవకాశము కలిగెను. నా యారు పదములలో రెండు నేను చూచిన ఏ ప్రతియందును లేవు. మరియొకటి గల పద్యమే ఒక ప్రతిలో కానరాలేదు. కవి పలుకుబడి యని నేను మురిసిపోయినది సగము పరిష్కర్త పలుకుబడి! ఆ దినమున భాండాగారపు బల్లముందు కూర్చుండి నేను పొందిన సిగ్గు నేటికిని మరపురాదు. ఐతే మిగిలిన మూడు పదములు అన్ని ప్రతులలోను నిలిచినవి. వాదమును ఆ మూటికి కుదించి, పాఠాంతరములను పట్టికగా చేర్చి, వ్యాసమును తిరుగ వ్రాసితిని. వాదము చిన్నదైనది; కాని దృఢమైనది.

అదే పరీక్షకుడు వేరొకచోట, నేను దేశ్యమన్న పదము తద్భవమని వ్రాసిరి. దానిని నేను అంగీకరింపలేదు. ఆ తద్భవమునకు మూలముగా వారు చెప్పిన సంస్కృతశబ్దమునుండి ఆ రూపము వచ్చుటకు వ్యాకరణమున దారి లేదని, శాసనప్రయోగమును చూపి ఒక పుటలో సమాధానము వ్రాసితిని. సంపాదకుడు నా సమాధానమును ఆమోదించెను. ఒకే లేఖలో ఒక మాట నన్ను రక్షించినది. మరొక మాట పొరపాటైనది. మొదటి మాటపై కోపముతో రెండవదానిని సాకుగా గైకొని లేఖ నంతయు తిరస్కరించి యుండిన, పరిష్కర్త పదములను కవికి అంటగట్టిన వ్యాసమొకటి నా పేర నేటికిని లోకమున తిరుగుచుండెడిది. నా శిష్యులు దానిని ఉదాహరించుచుండెడివారు.

5. ప్రత్యుత్తరమును వ్రాయు విధము

ఆ యనుభవమునుండియు, తరువాత పరీక్షకుడుగను పనిచేసిన యనుభవమునుండియు నేను గ్రహించిన విధానమును సంగ్రహముగా చెప్పెదను. లేఖ వచ్చిన దినమున సమాధానము వ్రాయరాదు. కొన్ని దినములు గడచిన పిమ్మట దానిని తిరిగి చదివి, ప్రతి యాక్షేపణకును సంఖ్య వేయవలెను. పరీక్షకుని మాటను యథాతథముగా ఎత్తివ్రాసికొని, దానిక్రింద తాను చేసిన మార్పును, అది సవరించిన ప్రతిలో ఏ పుటయందు, ఏ పంక్తియందు గలదో తెలుపవలెను. పరీక్షకునినుండి స్థాననిర్దేశమును కోరిన మనము స్థాననిర్దేశము లేక ప్రత్యుత్తర మిచ్చుట న్యాయము కాదు. 'తగిన మార్పులు చేయబడినవి' అను ఒక్క వాక్యముతో సరిపుచ్చు నలవాటు మన విద్యార్థులలో మెండు. అది సంపాదకుని యనుమానమును పెంచునే గాని తగ్గింపదు.

అంగీకరింపని విషయమున హేతువును, ఆధారమును చూపవలెను. ఇచ్చట పతంజలి మనకు మార్గదర్శి. ఆయన కొన్నిచోట్ల వార్తికమును స్వీకరించెను; కొన్నిచోట్ల సూత్రముతోడనే పని నెరవేరును గావున వార్తిక మనావశ్యకమని త్రోసివేసెను. రెండు తావులందును హేతువు చెప్పెను. తిరస్కరించు ధైర్యము లేనివాని యంగీకారమునకు విలువ లేదు. పరీక్షకు లిద్దరు పరస్పరవిరుద్ధముగ వ్రాసినచో, ఇద్దరిని సంతోషపెట్టబూని వ్యాసమును రెండు ముక్కలు చేయరాదు. ఆ విరోధమును సంపాదకునకు తెలిపి, తానే మార్గమును ఎందుకు ఎన్నుకొన్నాడో చెప్పవలెను. అన్ని సవరణలు ముగిసిన పిదప వ్యాసమును మొదటినుండి తుదివరకు ఒక్కమారుగా చదువుట అత్యావశ్యకము. ఆక్షేపణకొక అతుకు వేసిన వ్యాసము బొంత యగును. ఆ బొంతలో మొదటి వాదము ఏ మూలనున్నదో పాఠకునకు కనబడదు.

తిరస్కృతమైన వ్యాసమును ఒక్క యక్షరమును మార్పక మరునాడే వేరొక పత్రికకు పంపుట మరియొక దురభ్యాసము. ఇది నీతికంటె ముందు వివేకమునకే విరుద్ధము. తెలుగున ఒక విషయమున పరిశ్రమ చేసినవారు కొలదిమందియే. రెండవ సంపాదకుడును ఆ వ్యాసమును మొదటి పరీక్షకునికే పంపు నవకాశము మెండు. అప్పుడు ఆయన తాను శ్రమపడి వ్రాసిన పుటలు ఏటిలో కలిసినవని గ్రహించును.

6. తెలుగు రంగమందలి చిక్కులు

పై మాటవలననే మరొక ప్రశ్న పుట్టుచున్నది. పరీక్షకునకు రచయిత పేరును, రచయితకు పరీక్షకుని పేరును తెలుపని పద్ధతిని నేటి పత్రికలు చాలవరకు అవలంబించుచున్నవి. భౌతికశాస్త్రమువంటి విశాలక్షేత్రమున దానికి కొంత యర్థము కలదు. మన రంగమున పేరు తొలగించినను వాక్యము చూడగనే వ్యక్తి తెలియును. శాసనభాషపై పనిచేయువారు, యక్షగానములపై పనిచేయువారు ఒకరి నొకరు ఎరిగినవారే. గురుశిష్యులో, సహాధ్యాయులో, ఒకే యుద్యోగమునకు పోటీపడినవారో. ముసుగు పలుచనైనప్పుడు అది రక్షణ యిచ్చుట మాని, బాధ్యతనుండి తప్పించుకొను సాధనముగా మారును.

పేరుప్రతిష్ఠల ప్రభావము పెద్ద రంగములలోను లేకపోలేదు. 1982లో పీటర్స్, సెసీ యను నిద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు తమ పరీక్షాఫలితములను ప్రకటించిరి. ప్రసిద్ధవిశ్వవిద్యాలయముల వారు వ్రాసి, అచ్చయిన పండ్రెండు వ్యాసములను గైకొని, రచయితల పేర్లను, సంస్థలను మార్చి, వానిని మొదట ప్రకటించిన పత్రికలకే తిరిగి పంపిరి. మూడు వ్యాసములను మాత్రమే ఆ పత్రికలవారు గుర్తుపట్టిరి. పరీక్షకు నిలిచిన తక్కిన తొమ్మిదింటిలో ఎనిమిది తిరస్కృతము లయ్యెను. అంతకుముందు అంగీకృతమైన వ్రాతలయందు ఇప్పుడు ఘోరదోషములు కనబడినవి! ఈ ప్రయోగపద్ధతిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఐనను పరీక్షకుని తీర్పు తప్పిపోనిదని నమ్ము విద్యార్థికిని, తిరస్కారముతో కృంగిపోవు విద్యార్థికిని ఈ సంఖ్యలు తెలిసియుండుట మేలు.

మరియొక చిక్కు అధికారనియమములవలన ఏర్పడినది. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము గ్రంథచౌర్యనివారణకై నియమములు చేసెను. వాని ప్రకారము సిద్ధాంతగ్రంథమున ఇతరుల వ్రాతతో సామ్యము నూటికి 10వరకు దండనార్హము కాదు. 10కిపైన 40వరకు నున్నచో ఆరు మాసములలోపల సవరించి తిరిగి సమర్పింపవలెను. ఉద్దేశము మంచిదే. కాని సవరణ యనగా శాతమును తగ్గించుట యను నపార్థము దీనివలన ప్రబలినది. పరుల వాక్యములోని పదములకు పర్యాయపదములు వేసి, యంత్రము పట్టని రీతిని మార్చి, దానినే సంస్కరణమని పిలుచుకొను విద్యార్థులను నే నెరుగుదును. పదము మారినను భావము పరులదే. ఇది దురుక్తమును మరింత దురుక్తము చేయుట. పేరు చెప్పి ఎత్తివ్రాసినచో పది వాక్యములైనను ఋజువర్తనమే. పేరు చెప్పక మార్చి వ్రాసినచో ఒక్క వాక్యమైనను చౌర్యమే.

అదే సంవత్సరమున యోగ్యములైన పత్రికలను ఎన్నుటకు 'కేర్' అను వ్యవస్థ యేర్పడినది. 2025లో ఆ జాబితాను ఉపసంహరించుకొని, పత్రికల యోగ్యతను విచారించు భారమును విద్యాసంస్థలకే విడిచిరి. సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు వ్యాసప్రకటన తప్పనిసరి యను నిబంధనమును 2022 నాటి నియమములలోనే తొలగించిరి. జాబితా పోయినంతమాత్రమున రుసుము గైకొని వారములో అచ్చువేయు పత్రికలు పోలేదు. అట్టి పత్రికలు పరీక్షించితి మని చెప్పును. పరీక్షకుని యొక్క ప్రశ్నయైనను రచయితకు అందదు. ప్రశ్న రాని వ్యాసము అదృష్టవంతమైన దని విద్యార్థి సంతోషించును. నిజమునకు అది అనాథ. దానిని శ్రద్ధగా చదివినవా డొక్కడును లేడు.

ఇందుకు ప్రతిక్రియ యేమి? మన శాఖాపత్రికలవరకైనను మూడు మాటలు సూచింతును. పరీక్షకుడు ప్రతి యాక్షేపణకును పుటను, పంక్తిని, సాధ్యమైనచో వ్యతిరేకాధారమును చూపవలెను. చూపనిదానిని సంపాదకుడు రచయితకు పంపరాదు. ఇష్టపడు పరీక్షకులు తమ పేరును తెలుపుకొను నవకాశ ముండవలెను. పలుచని ముసుగుకంటె తెరచిన ముఖము మేలు. భేదాభిప్రాయము తీరనిచోట ఆక్షేపణను, సమాధానమును వ్యాసమువెంట సంగ్రహముగా అచ్చువేయవచ్చును. పూర్వపక్షమును దాచక సిద్ధాంతముతోపాటు చూపుట శాస్త్రగ్రంథములలో మనకు పరిచితమైన మార్గమే. పూర్వపక్షము లేని సిద్ధాంతమును మన పూర్వులు సిద్ధాంత మనలేదు.

వీరేశలింగముగారు ఆంధ్రకవుల చరిత్రమును వ్రాసిన తరువాత నూతనాధారములు వెలువడిన కొలదిని, పండితుల విమర్శలు వచ్చిన కొలదిని దానిని సంస్కరించి తిరిగి ప్రకటించిరి. తొలికూర్పున చెప్పినదానికి మలికూర్పున భిన్నముగా చెప్పుట వారికి నామోషీ కాలేదు. అంతటివారికి లేని నామోషీ నేటి పరిశోధకునకు ఎందుకుండవలెను? తిరిగివచ్చిన వ్యాసము బల్లపై నుండగా దానిని చూచి వెనుదీయు విద్యార్థికి నేను చెప్పునది ఒక్కటే. ఆ లేఖను వ్రాసినవాడు నీ వ్యాసమును నీ తరువాత అందరికంటె శ్రద్ధగా చదివియుండవచ్చును. లేదా చదువకయే వ్రాసియుండవచ్చును. ఆ రెంటిలో ఏది నిజమో తెలిసికొనుటకు లేఖ నంతయు మూడు తెగలుగా విడదీసి, ఆధారములయొద్దకు మరల పోవుట తప్ప వేరు మార్గము లేదు. ఆ పనియే పరిశోధన. ఈ విషయమున నేను చెప్పినదానియందు అనుక్తము, దురుక్తము ఉండకపోవు. విజ్ఞులు స్థాననిర్దేశముతో చూపినచో కృతజ్ఞతతో సంస్కరించుకొందును.